పూచీ ఎవరిది? : ఇంగ్లండ్ ల్యాండ్ రిజిస్ట్రీ ప్రైవేటీకరణపై ఉద్యోగ సంఘాల ప్రతిఘటన, 2014-2016

ఉపోద్ఘాతం

ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాలలో భూ యాజమాన్య హక్కులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం. ల్యాండ్ రిజిస్ట్రీ. 1862లో ఏర్పడిన ఈ సంస్థను ప్రైవేటు రంగానికి అప్పగించే దిశగా బ్రిటిష్ ప్రభుత్వం మూడేళ్లు నిండకుండానే రెండు పర్యాయాలు అడుగు వేసింది. 2014 జనవరిలో మొదలైన తొలి ప్రయత్నం ఆ ఏడాది జులైలోను, 2016 మార్చిలో మొదలైన మలి ప్రయత్నం అదే ఏడాది నవంబరులోను ఆగిపోయాయి. రెండుసార్లూ ప్రతిఘటనకు ముందు నిలిచినవి ఆ సంస్థలో పనిచేసే ఉద్యోగుల సంఘాలు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. కార్మికోద్యమ పక్షాన చూసేవారికి ఇది సంఘటిత శక్తి సాధించిన విజయం. రాజకీయ చరిత్రను ప్రధానంగా తీసుకునేవారికి ఇది యూరోపియన్ యూనియన్ ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం మంత్రివర్గం మారడంతో యాదృచ్ఛికంగా దక్కిన ఫలితం. ఈ రెండు వివరణలలోనూ సత్యం ఉంది. అయితే ఏ ఒక్కటీ తనంత తానుగా చాలదు. సంఘాలు సాధించింది ప్రధానంగా కాలయాపన. ఆ కాలయాపనకు బలం చేకూర్చినది ఉద్యోగ భద్రత గురించిన వాదన కాదు, భూమి హక్కుకు పూచీ ఎవరు వహించాలన్న ప్రశ్న. అదే కాలంలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇదే వాదన ఓడిపోయింది. ఆ ఓటమిని పక్కన పెట్టి చూస్తేనే ఇంగ్లండు ఫలితానికి గల కారణాలు, పరిమితులు స్పష్టపడతాయి.

దస్తావేజు నమోదు, హక్కు నమోదు

తెలుగు పాఠకునికి పరిచితమైన రిజిస్ట్రేషన్ వ్యవస్థకూ ఇంగ్లండు వ్యవస్థకూ మౌలికమైన భేదం ఉంది. 1908 నాటి భారత రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదయ్యేది దస్తావేజు. ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి ఫలానా సర్వే నంబరులోని భూమిని విక్రయించినట్లు పత్రం రాసుకున్నారన్నదే ఆ నమోదుకు అర్థం. అమ్మిన వ్యక్తికి అమ్మే హక్కు ఉందో లేదో ప్రభుత్వం హామీ ఇవ్వదు. అందుకే కొనుగోలుదారు లింకు డాక్యుమెంట్లు వెదుకుతాడు, ఈసీ తీయిస్తాడు, న్యాయవాది అభిప్రాయం తీసుకుంటాడు. అడంగల్, పహాణీ వంటి రెవెన్యూ రికార్డులలోని పేరు కూడా భిన్నంగా నిరూపణ అయ్యేవరకు నిలిచే ఊహ మాత్రమే.

ఇంగ్లండులో నమోదయ్యేది హక్కు. ల్యాండ్ రిజిస్ట్రీ పుస్తకంలో ఎవరి పేరుంటే ఆ భూమి వారిది. పాత దస్తావేజులను తరాల వెనక్కు తవ్వుకుంటూ పోనవసరం లేదు. ఫోర్జరీ వల్లనో, సంస్థ పొరపాటు వల్లనో ఎవరికైనా నష్టం వాటిల్లితే సంస్థే పరిహారం చెల్లిస్తుంది. 2002 నాటి భూ నమోదు చట్టంలోని ఎనిమిదవ షెడ్యూలు ఈ పరిహారపు నియమాలను వివరిస్తుంది. నమోదు, హామీ, పరిహారం అనే మూడూ ఒకే చోట కలిసి ఉండడం ఈ వ్యవస్థకు ప్రాణం.

ఈ కారణంగా అక్కడి ఉద్యోగి పని కేవలం గుమాస్తా పని కాదు. వచ్చిన దరఖాస్తును పరిశీలించడం, పటాలతో సరిపోల్చడం, తాకట్టుల క్రమాన్ని నిర్ణయించడం, పొరుగువారి అభ్యంతరం సమంజసమో కాదో తూచడం, దీర్ఘకాల అనుభవం వల్ల హక్కు కోరుతున్నవారి సాక్ష్యాన్ని పరీక్షించడం వంటివన్నీ అందులో ఉంటాయి. పరస్పర అంగీకారం కుదరని వివాదాలు ట్రిబ్యునల్‌కు వెళతాయి గాని, అంతకు ముందరి మెట్టు మీద జరిగే పరిశీలన న్యాయ నిర్ణయానికి సమీపంలోనే ఉంటుంది. ప్రైవేటీకరణ వివాదంలో ‘నిష్పాక్షికత’ అన్న మాట పదేపదే వినిపించడానికి మూలం ఈ పని స్వభావంలోనే ఉంది.

సంస్థ పూర్వ చరిత్ర

హక్కు నమోదు అనే భావన ఆధునిక రూపంలో తొలిసారి చట్టమైనది 1858లో, దక్షిణ ఆస్ట్రేలియాలో. అంతకు ముందు అక్కడ కస్టమ్స్ అధికారిగా పనిచేసిన రాబర్ట్ రిచర్డ్ టోరెన్స్ ఓడల నమోదు పద్ధతిని ఆదర్శంగా తీసుకొని ఈ విధానాన్ని ప్రతిపాదించాడు. నాలుగేళ్ల తరువాత లార్డ్ చాన్సలర్ వెస్ట్‌బరీ చొరవతో ఇంగ్లండులో 1862 చట్టం వచ్చింది. అప్పట్లో నమోదు ఐచ్ఛికం. ముందుకు వచ్చినవారు బహు కొద్దిమంది. 1875 చట్టం కూడా ఆ పరిస్థితిని పెద్దగా మార్చలేదు. 1897 చట్టంతో లండన్ కౌంటీలో భూముల అమ్మకాలకు నమోదు తప్పనిసరి అయింది.

ఈ జాప్యానికి ప్రధాన కారకులలో సొలిసిటర్లు ఉన్నారు. దస్తావేజుల పరిశీలన, బదిలీ పత్రాల రచన వారి ఆదాయంలో పెద్ద భాగం. హక్కును ప్రభుత్వమే నిర్ధారించి పుస్తకంలో రాస్తే ఆ రాబడికి గండి పడుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో వారి వృత్తి సంఘం తప్పనిసరి నమోదును పట్టుదలగా ఎదిరించిన తీరును చరిత్రకారుడు ఆవ్నర్ ఆఫర్ 1981లో వెలువరించిన ‘ప్రాపర్టీ అండ్ పాలిటిక్స్’ గ్రంథంలో విపులంగా చర్చించాడు. ఈ పూర్వరంగం గుర్తుంచుకోదగినది. ఒకనాడు ప్రభుత్వ నమోదును అడ్డుకున్న వృత్తివర్గమే నూరేళ్ల పైబడిన తరువాత దానిని ప్రభుత్వం చేతిలోనే ఉంచాలని వాదించింది. సొలిసిటరు తన కక్షిదారుకు ఇచ్చే సలహా అంతా క్రమంగా ఆ పుస్తకం మీదనే ఆధారపడిపోవడం ఈ మార్పును చాలావరకు వివరిస్తుంది.

1925 చట్టం వ్యవస్థను స్థిరపరిచింది. తప్పనిసరి నమోదు జిల్లా తరువాత జిల్లాకు విస్తరించి 1990 డిసెంబరు నాటికి ఇంగ్లండు, వేల్స్ అంతటా అమలులోకి వచ్చింది. అదే నెలలో పుస్తకం బహిరంగమైంది. అంతవరకు యజమాని అనుమతి లేనిదే చూడ వీలులేని వివరాలను రుసుము చెల్లించిన ఎవరైనా చూసే హక్కు లభించింది. 1993లో సంస్థ ‘ట్రేడింగ్ ఫండ్’ అయింది. అనగా ఖజానా నుంచి కేటాయింపు తీసుకోక, తాను వసూలు చేసే రుసుములతోనే తన ఖర్చు వెళ్లదీసుకోవలసి వచ్చింది.

స్వయంపోషకత్వం సంస్థకు గౌరవాన్ని తెచ్చింది, ముప్పును కూడా తెచ్చింది. ఖజానాకు భారం కాని సంస్థ, అందునా ఎదురులేని గుత్త సేవ, పెట్టుబడిదారుకు ఆకర్షణీయమైన ఆస్తి. మరోవైపు రుసుములు ఇళ్ల అమ్మకాల మీద ఆధారపడినవి. 2008 ఆర్థిక సంక్షోభంతో అమ్మకాలు కుదేలు కాగా కార్యాలయాల మూసివేత, సిబ్బంది తగ్గింపు మొదలయ్యాయి. పోర్ట్స్‌మత్, స్టీవెనేజ్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ కార్యాలయాలు మూతపడ్డాయి. ఒక దశాబ్ద కాలంలో ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ప్రైవేటీకరణ ప్రతిపాదన వచ్చే నాటికే ఉద్యోగులకు కోత అనుభవం కొత్తది కాదు.

తొలి ప్రయత్నం, 2014

2011లో ల్యాండ్ రిజిస్ట్రీని న్యాయశాఖ నుంచి వ్యాపార, నవకల్పన, నైపుణ్యాల శాఖకు మార్చారు. ఇది పరిపాలనా పరమైన చిన్న మార్పుగా కనిపించినా సంస్థను చూసే దృష్టి మారిందనడానికి సూచిక. న్యాయ వ్యవస్థలో అంతర్భాగంగా ఉండినది వ్యాపార సేవగా పరిగణన పొందింది. ఇదే శాఖ 2013 అక్టోబరులో రాయల్ మెయిల్ తపాలా సంస్థ వాటాలను అమ్మింది. షేరు విలువ తొలిరోజే బాగా పెరగడంతో ప్రజల ఆస్తిని చవకగా అమ్మారన్న విమర్శ చెలరేగింది.

ఆ విమర్శ చల్లారకముందే, 2014 జనవరి 23న, శాఖ ఒక సంప్రదింపు పత్రాన్ని విడుదల చేసింది. సంస్థను రెండుగా విభజించాలన్నది అందులోని సూచన. విధాన నిర్ణయాలు, పర్యవేక్షణ చూసే చిన్న కార్యాలయం ప్రభుత్వంలో ఉంటుంది. దైనందిన నమోదు పనిని ఒక ‘సేవా నిర్వహణ కంపెనీ’ చేస్తుంది. ఆ కంపెనీ పూర్తిగా ప్రభుత్వానిదై ఉండవచ్చు, ఉమ్మడి భాగస్వామ్యం కావచ్చు, ప్రైవేటుది కావచ్చు. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నను పత్రం తెరిచే ఉంచింది.

సంస్థలో అధిక సంఖ్యాకులకు ప్రాతినిధ్యం వహించేది పబ్లిక్ అండ్ కమర్షియల్ సర్వీసెస్ యూనియన్. సంక్షిప్తంగా దీనిని పీసీఎస్ అంటారు. 1998లో రెండు పౌర ఉద్యోగ సంఘాల విలీనంతో ఏర్పడిన ఈ సంఘానికి నాటి ప్రధాన కార్యదర్శి మార్క్ సెర్వోట్కా. కంపెనీగా మార్చడమే అమ్మకానికి తొలి మెట్టు అని సంఘం వాదించింది. రాయల్ మెయిల్ ఉదాహరణ ఎదుటనే ఉండడంతో ఆ వాదన ఊహగా కొట్టివేయదగినది కాలేకపోయింది. 2014 మే 14, 15 తేదీలలో సభ్యులు 48 గంటల సమ్మె చేశారు.

రెండు రోజుల సమ్మె వల్ల భూముల లావాదేవీలు స్తంభించిపోలేదు. దాని ప్రయోజనం మరొకటి. సామాన్య పౌరుడు జీవితంలో ఒకటి రెండుసార్లు, అదీ సొలిసిటరు ద్వారా, తగిలే సంస్థ ఇది. అటువంటి సంస్థ భవితవ్యం గురించి నిర్ణయం జరగబోతున్నదన్న సంగతి ప్లిమత్, హల్, గ్లోస్టర్, డరమ్, స్వాన్సీ వంటి పట్టణాలలో స్థానిక వార్త అయింది. ఈ కార్యాలయాలు రాజధానికి దూరంగా విస్తరించి ఉన్నందువల్ల స్థానిక పార్లమెంటు సభ్యులకు ఇది తమ నియోజకవర్గపు సమస్యగా మారింది. జులైలో ప్రభుత్వం తన స్పందనను ప్రకటిస్తూ ప్రతిపాదనను అప్పటికి విరమించుకుంది. నాటి శాఖామంత్రి విన్స్ కేబుల్ సంకీర్ణంలోని లిబరల్ డెమొక్రాట్ పక్షీయుడు. విరమణలో సంకీర్ణ రాజకీయాల పాత్ర కూడా ఉంది.

నడిమి కాలం

2015 మే ఎన్నికలలో కన్సర్వేటివ్ పక్షం సొంత బలంతో ప్రభుత్వం ఏర్పరచడంతో సంకీర్ణపు అడ్డు తొలగింది. నవంబరులో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ల్యాండ్ రిజిస్ట్రీని 2017 నుంచి ప్రైవేటు రంగానికి తరలించే విషయమై సంప్రదింపులు జరుపుతామని ప్రకటించాడు.

ఈ నడిమి కాలంలోనే పీసీఎస్ తీవ్రమైన ఇబ్బందిని ఎదుర్కొంది. సభ్యత్వ చందాను జీతం నుంచే మినహాయించి సంఘానికి జమచేసే ఏర్పాటును ‘చెక్ ఆఫ్’ అంటారు. ప్రభుత్వ శాఖలు ఒకదాని వెంట ఒకటి ఆ ఏర్పాటును రద్దు చేశాయి. ప్రతి సభ్యుని వద్దకూ వెళ్లి బ్యాంకు ద్వారా చందా చెల్లించేలా తిరిగి నమోదు చేయించుకోవలసి వచ్చింది. ఆర్థికపు ఒత్తిడితో 2014 చివర సంఘం తన జాతీయ ఎన్నికలను సైతం వాయిదా వేసుకుంది.

ఈ పరిణామం ప్రతిఘటన స్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం. 2016లో సంఘం 2014 నాటి కంటె బలహీనమైనది. ప్రధాన ఆయుధంగా సమ్మెను నమ్ముకోగల స్థితి కాదు. కనుక బయటి మద్దతును కూడగట్టడం, వాదనను ఉద్యోగుల ప్రయోజనం నుంచి పౌరుల ప్రయోజనం వైపు మళ్లించడం కేవలం వ్యూహ చాతుర్యం కాదు, అనివార్యత. ఇదే సంఘం బలవంతంగా ఉండి ఉంటే పోరాటం ఇంకా ఎక్కువగా కార్యాలయపు గోడల మధ్యనే సాగి ఉండేదేమో.

మలి ప్రయత్నం, 2016

2016 మార్చి 24న, ఈస్టర్ సెలవులకు పార్లమెంటు వాయిదాపడే రోజున, రెండవ సంప్రదింపు పత్రం వెలువడింది. అప్పటి శాఖామంత్రి సాజిద్ జావిద్. ఈసారి సందిగ్ధత లేదు. ప్రైవేటు నిర్వాహకునితో ప్రభుత్వం ఒప్పందం చేసుకోవడమే తనకు సమ్మతమైన మార్గమని పత్రం చెప్పింది. అభిప్రాయాలకు గడువు మే 26. ఫలితం వెలువడక మునుపే, మే 18 నాటి రాణి ప్రసంగంలో, ఇందుకు వీలు కల్పించే బిల్లు ప్రస్తావన వచ్చింది.

ప్రభుత్వ పక్షపు వాదనను తేలికగా తీసివేయడం చరిత్ర రచనకు తగదు. పుస్తకాల యాజమాన్యం ప్రభుత్వానిదే అవుతుందని, హక్కుకు హామీ కొనసాగుతుందని అది చెప్పింది. డిజిటల్ పరివర్తనకు ప్రైవేటు పెట్టుబడి, నైపుణ్యం తోడ్పడతాయంది. అమ్మకం వల్ల వచ్చే సొమ్ము జాతీయ రుణ భారాన్ని తగ్గిస్తుందంది. ఆ సొమ్ము 100 కోట్ల పౌండ్లకు మించవచ్చునని పత్రికలు అంచనా వేశాయి.

ఈ వాదనకు ప్రతిపక్షంగా నిలిచినవి నాలుగు ప్రశ్నలు. మొదటిది పూచీ. పొరపాటు చేసేవాడు ఒకడు, పరిహారం చెల్లించేవాడు మరొకడు అయితే పొరపాటు తగ్గించాలన్న పట్టింపు ఎవరికుంటుంది? రెండవది నిష్పాక్షికత. నిర్వాహక సంస్థ వెనుక ఉన్న పెట్టుబడికి భూముల మీదనో, తాకట్టు రుణాల మీదనో ఆసక్తి ఉంటే వివాదంలో దాని పరిశీలనను ఎవరు నమ్ముతారు? మూడవది గుత్తాధిపత్యం. ఇల్లు కొన్నవాడు మరో రిజిస్ట్రీకి వెళ్లగలిగే అవకాశం లేదు. పోటీ లేనిచోట లాభాపేక్ష రుసుము రూపంలోనో, నాణ్యతాలోపం రూపంలోనో బయటపడుతుంది. నాలుగవది సమాచారం. దాదాపు 2 కోట్ల 40 లక్షల హక్కు నమోదులున్న ఆ పుస్తకం ఆ దేశపు సంపదకు పటం వంటిది. అప్పట్లో 3 పౌండ్లు చెల్లిస్తే ఎవరైనా ఒక ఆస్తి వివరం చూడగలిగేవారు. ఆ పటం వ్యాపార వస్తువైతే ఏమవుతుందన్నది ప్రశ్న.

నాలుగవ ప్రశ్నకు అనుకోని బలం చేకూరింది. 2016 ఏప్రిల్ తొలివారంలో పనామా పత్రాలు వెలుగు చూశాయి. లండన్ నగరంలోని విలువైన భవనాలు అనేకం పన్నులు లేని దీవులలో నమోదైన కంపెనీల పేరిట ఉన్నాయన్న సంగతి చర్చకు వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే అటువంటి యాజమాన్యాన్ని వెలికితీయగల పుస్తకాన్ని ప్రైవేటు చేతికి ఇవ్వజూపడం ఏమిటన్న విమర్శకు జవాబు చెప్పడం ప్రభుత్వానికి కష్టమైంది.

ఉద్యోగ సంఘాలు లేవనెత్తుతూ వచ్చిన ప్రశ్నలనే ఇతరులు తమ తమ భాషలలో అడగసాగారు. సొలిసిటర్ల వృత్తి సంస్థ అయిన లా సొసైటీ ప్రతిపాదనను వ్యతిరేకించింది. గతంలో ప్రధాన భూ రిజిస్ట్రారుగా పనిచేసిన జాన్ మాన్‌థార్ప్ బహిరంగంగా తన అభ్యంతరాలు రాశాడు. పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ గుత్త సమాచారం మీద ఆధిపత్యం ఉన్న ప్రైవేటు యజమాని ఇతరులకు ఆ సమాచారాన్ని అందించే షరతులను దిగజార్చే ప్రమాదాన్ని ఎత్తిచూపింది. ప్రచార వేదిక ‘38 డిగ్రీస్’ ద్వారా సాగిన విన్నపంపై 3 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. జూన్ 30న కామన్స్ సభలో లేబర్ సభ్యుడు డేవిడ్ లామీ చొరవతో దీనిపై ప్రత్యేక చర్చ జరిగింది.

ఆ చర్చకు వారం ముందు, జూన్ 23న, బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలని తీర్పునిచ్చారు. జులైలో ప్రధాని కామెరాన్ నిష్క్రమించాడు. ఆస్బోర్న్ పదవి కోల్పోయాడు. సెప్టెంబరులో ప్రవేశపెట్టిన ‘నైబర్‌హుడ్ ప్లానింగ్’ బిల్లులో ల్యాండ్ రిజిస్ట్రీ ఊసే లేదు. నవంబరు 23న కొత్త ఆర్థికమంత్రి ఫిలిప్ హామండ్ ప్రకటనతో పాటు వెలువడిన పత్రాలు సంస్థ ప్రభుత్వ రంగంలోనే కొనసాగుతుందని, డిజిటల్ సేవల మీద దృష్టి నిలుపుతుందని నిర్ధారించాయి.

న్యూ సౌత్ వేల్స్: ప్రతికూల నిదర్శనం

ఇదే సంవత్సరంలో ఆస్ట్రేలియాలో కథ భిన్నంగా నడిచింది. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తన భూ రికార్డుల సంస్థ నిర్వహణను ప్రైవేటుకు ఇవ్వడానికి 2016లో చట్టం చేసింది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ అసోసియేషన్ అనే ఉద్యోగ సంఘం దీనిని ఎదిరించింది. న్యాయవాదులలోను, సర్వేయర్లలోను కూడా వ్యతిరేకత వ్యక్తమైంది. అయినా 2017 ఏప్రిల్‌లో 35 ఏళ్ల నిర్వహణ హక్కు 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు ఒక పెట్టుబడి బృందానికి దక్కింది. జులై 1 నుంచి కొత్త నిర్వాహక సంస్థ పని ప్రారంభించింది. అదే ఏడాది, టోరెన్స్ పద్ధతికి పుట్టినిల్లయిన దక్షిణ ఆస్ట్రేలియా 40 ఏళ్లకు, మరుసటి ఏడాది విక్టోరియా కూడా 40 ఏళ్లకు ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నాయి. వీటన్నిటికీ పూర్వమే కెనడాలోని ఒంటారియో ప్రాంతం 1991లో టెరానెట్ అనే సంస్థలో భాగస్వామిగా మొదలై 2003లో తన వాటాను పూర్తిగా వదులుకుంది.

వాదనలు ఒకటే, మద్దతుదారుల వర్గాలు ఒకటే, ఫలితాలు మాత్రం వేరు. ఈ భేదానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది ఒప్పందపు రూపం. న్యూ సౌత్ వేల్స్‌లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నియంత్రణాధికారిగా ప్రభుత్వంలోనే మిగిలింది. పరిహార నిధి కూడా రాష్ట్రానిదే. రుసుముల పెంపును ధరల సూచీకి కట్టివేశారు. ‘పూచీ ఎవరిది’ అన్న ప్రశ్నకు ‘రాష్ట్రానిదే’ అని వెంటనే చెప్పగల జవాబు అక్కడి ప్రభుత్వానికి ఉంది. పొరపాటుకూ పరిహారానికీ మధ్య తెగిపోయిన లంకె గురించిన సూక్ష్మమైన వాదన అంతటితో జనానికి చేరడం కష్టమైంది.

రెండవది సొమ్ము వినియోగం. పాత ప్రజా ఆస్తిని అమ్మి కొత్త ఆస్తిని నిర్మించడమన్నది ఆ రాష్ట్రంలో అప్పటికే విద్యుత్ సరఫరా వ్యవస్థ లీజుతో స్థిరపడిన విధానం. అమ్మకపు సొమ్ముకు కంటికి కనిపించే ప్రయోజనం చూపగలిగారు. ఇంగ్లండులో చూపింది రుణ భార నివారణ. జాతీయ రుణంతో పోలిస్తే 100 కోట్ల పౌండ్లు సముద్రంలో కాకిరెట్ట.

మూడవది సమయం. న్యూ సౌత్ వేల్స్‌లో సంకల్పానికీ ఒప్పందానికీ మధ్య ప్రభుత్వ విధానం మారలేదు. ముఖ్యమంత్రి మారినా పక్షం, ప్రణాళిక మారలేదు. ఇంగ్లండులో మాత్రం ప్రతి జాప్యమూ రాజకీయ పరిస్థితి మారడానికి అవకాశమిచ్చింది.

ఫలితం, దాని పరిమితులు

ఈ తులనం వెలుగులో ‘విజయం ఎవరిది’ అన్న ప్రశ్నకు మరింత నిర్దిష్టంగా సమాధానం చెప్పవచ్చు. 2014లో ప్రతిఘటన లేకుంటే కంపెనీ ఏర్పడి ఉండేది. కంపెనీ ఏర్పడి ఉంటే 2016లో చట్టపరమైన పెద్ద మార్పు అవసరం లేకుండానే వాటాల అమ్మకానికి దారి సుగమమయ్యేది. 2016 వసంతంలో వ్యతిరేకత అంత విస్తృతంగా లేకుంటే కొత్త మంత్రివర్గానికి ఈ ప్రతిపాదనను వదులుకోవలసిన ప్రేరణ ఉండేది కాదు. నూతన ప్రభుత్వం పాత ప్రభుత్వపు ప్రణాళికలన్నిటినీ విడిచిపెట్టలేదు. వివాదాస్పదమై, లాభం స్వల్పమైన దానిని విడిచిపెట్టింది. ప్రజాభిప్రాయ సేకరణ తలుపు తెరిచిందనుకుంటే, ఆ తలుపు దాకా విషయాన్ని సజీవంగా మోసుకువచ్చినది ఉద్యోగుల ప్రతిఘటన.

ప్రభుత్వ రంగంలో నిలిచినందువల్ల కలిగిన ప్రయోజనాలు కొన్ని స్పష్టమే. 2017 నవంబరులో కంపెనీల పేరిట, విదేశీ సంస్థల పేరిట ఉన్న ఆస్తుల జాబితాలను సంస్థ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఆ జాబితాలను అమ్ముకోగల ప్రైవేటు నిర్వాహకుడు ఆ పని చేసేవాడని భావించడం కష్టం.

అయితే ఉద్యోగుల మూల సమస్యలు యాజమాన్యం మారనందువల్ల తీరిపోలేదు. కోతల కాలంలో వెళ్లిపోయిన అనుభవజ్ఞుల లోటు తరువాతి సంవత్సరాలలో పేరుకుపోయిన దరఖాస్తుల రూపంలో బయటపడింది. కార్యాలయ హాజరు వంటి విషయాలపై 2025 ఆరంభంలో పీసీఎస్ సభ్యులు మళ్లీ నిరసన బాట పట్టారు. ప్రభుత్వ యాజమాన్యం ఉద్యోగికి మంచి యజమాని దొరికినట్లు హామీ కాదు. ‘పౌరుల ప్రయోజనం’ అన్న వాదన సంస్థను కాపాడింది గాని, ఆ వాదన వెనుకకు నెట్టిన ‘ఉద్యోగుల ప్రయోజనం’ అలాగే మిగిలిపోయింది. కూటమి కట్టినందుకు సంఘం చెల్లించిన మూల్యమిది.

ముగింపు

ఇంగ్లండు అనుభవాన్ని తెలుగు ప్రాంతాలకు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఇక్కడి వ్యవస్థ దస్తావేజుల నమోదు మీద నడిచేది. 1984లో కరణం, మునసబు పదవుల రద్దు నుంచి 2020లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారి పదవుల రద్దు వరకు ఇక్కడి మార్పుల దిశ కూడా వేరు. అయినా అక్కడ లేచిన ప్రశ్న ఇక్కడికి పరాయిది కాదు. 2020 అక్టోబరులో మొదలైన ధరణి పోర్టల్ నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండడం తీవ్ర వివాదమైంది. 2024లో ఆ బాధ్యత కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్.ఐ.సి.కి మారింది. ప్రభుత్వమే హక్కును నిర్ధారించే టోరెన్స్ తరహా లక్ష్యంతో 2023లో అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టాన్ని న్యాయవాదులు కోర్టు విధులు బహిష్కరించి ఎదిరించారు. 2024లో అది రద్దయింది. ఈ రెండు సందర్భాలలోనూ రైతు అడిగిన ప్రశ్న ఒకటే: రికార్డులో పేరు తప్పుగా ఎక్కితే ఎవరిని అడగాలి?

ల్యాండ్ రిజిస్ట్రీ ఉద్యోగులు తమ కార్యాలయపు మెట్ల మీద నిలబడి వేసిన ప్రశ్న సారాంశం కూడా ఇదే. భూమి రికార్డును నమ్మదగినదిగా చేసేది కాగితమూ కాదు, కంప్యూటరూ కాదు. తప్పు జరిగినప్పుడు దానిని ఒప్పుకొని సరిదిద్దే బాధ్యత గల ఒకరు దాని వెనుక ఉండడమే దానికి విలువ. ఆ బాధ్యత ఎవరిదో తేల్చకుండా నిర్వహణ ఎవరిదన్న చర్చ చేయడం వ్యర్థమని 2014-2016 నాటి ఈ చిన్న ఘట్టం తెలియజేస్తుంది. ఆ సంగతిని ముందుగా గుర్తించినవారు ప్రతి దరఖాస్తునూ తమ చేతులతో పరిశీలించే ఉద్యోగులు కావడం వింత కాదు.